తాల్ముద్‌లో ఉన్నంత మాత్రాన యూదులందరి మాటేనా? అపోహలు - వాస్తవాలు

తులనాత్మక మత అధ్యయనం బోధించే నాకు కొత్త విద్యార్థులతో పాటు ఏటా ఒక పాత వాట్సాప్ సందేశం కూడా ఎదురవుతుంది. వంట మాడ్చిన భార్యను వదిలేయవచ్చని యూదుల మతగ్రంథం చెబుతోందట. ఆ వాక్యం ప్రాచీన యూదు పండితుల చర్చల సంకలనమైన తాల్ముద్‌లో ఉన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని చేసే తీర్మానమే తప్పు.

అపోహ: తాల్ముద్‌లో ఒక వాక్యం కనిపిస్తే అదే యూదు మతం అభిప్రాయం.

వాస్తవం: తాల్ముద్‌కు మూలపాఠమైన మిష్నాలో, విడాకుల గురించిన గిట్టిన్ భాగం చివర ఆ వాక్యానికి ముందూ వెనుకా ఏముందో చూడాలి. బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలోని ఒకే వచనాన్ని అక్కడ మూడు రకాలుగా చదువుతారు. భార్య శీలంలో దోషం కనబడితే తప్ప విడాకులు కూడవని షమ్మాయి అనే పండితుని శిష్యవర్గం, వంట పాడుచేసినా ఇవ్వవచ్చని హిల్లేల్ అనే మరో పండితుని శిష్యవర్గం, ఆమెకన్నా అందగత్తె కనబడినా ఇవ్వవచ్చని రబ్బీ (యూదు ధర్మపండితుడు) అకీవా అంటారు. సందేశం రాసినవారు మధ్య ముక్కను మాత్రం కత్తిరించుకున్నారు. సాధారణంగా హిల్లేల్ వర్గం మాటే చెల్లుతుంది కదా అని వాదించేవారు, తాల్ముద్‌లో మిష్నాకు వ్యాఖ్యానంగా ఉండే గెమారాలో అదే చర్చ ముగింపు దాకా చదవాలి. మొదటి భార్యను వదిలేసినవాడి విషయంలో బలిపీఠం సైతం కన్నీరు కారుస్తుందన్న రబ్బీ ఎలాజార్ మాట అక్కడ ఉంది. ఆ తరువాత, సుమారు వెయ్యేళ్ల కిందట, మైన్జ్ నగరానికి చెందిన రబ్బేను గెర్షోమ్ పేరిట నిలిచిన కట్టుబాటు భార్య సమ్మతి లేని విడాకులను నిషేధించింది.

మన శాస్త్రగ్రంథాలు చదివినవారికి పూర్వపక్షం, అంటే ఎదుటి పక్షం వాదాన్ని ముందుగా చెప్పడం, కొత్త కాదు. శంకరుల భాష్యంలోని పూర్వపక్షాన్ని ఎవరైనా శంకరుల సిద్ధాంతంగా ఉటంకిస్తే నవ్వి ఊరుకుంటాం. అయితే పూర్వపక్షాన్ని ఖండించడానికే ప్రస్తావిస్తారు. మిష్నాలో మాత్రం నెగ్గని అభిప్రాయం కూడా చెప్పినవారి పేరుతో సహా గౌరవంగా నిలిచి ఉంటుంది. ఎందుకు నిలపాలని మిష్నాలోని ఎదుయోత్ భాగం తానే ప్రశ్న వేసుకుంటుంది. రేపటి న్యాయసభకు ఆ ఒంటరి అభిప్రాయమే సబబనిపిస్తే దాన్ని ఆధారం చేసుకోవడానికని ఒక సమాధానం. అలాంటి సంప్రదాయం తనకు తెలుసునని ఎవరైనా ముందుకొస్తే, అది ఫలానావారి ఒంటరి మాట మాత్రమేనని చెప్పగలగడానికని రబ్బీ యెహూదా సమాధానం. భేదాభిప్రాయాలను ఎందుకు భద్రపరచాలన్న దాని మీద కూడా భేదాభిప్రాయమే!

ముక్కలు కత్తిరించి నింద మోపడం వాట్సాప్‌తో పుట్టిన అలవాటు కాదు. 1240లో పారిస్‌లో, యూదు మతం వదిలి క్రైస్తవం పుచ్చుకున్న నికొలస్ డోనిన్ ఇలాగే తాల్ముద్ నుంచి వాక్యాలు ఏరి అభియోగాలు చేయగా రబ్బీ యెహియెల్ సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. 1242లో బండ్లకొద్దీ చేతిరాత ప్రతులను అదే నగరంలో తగలబెట్టారు. అందుకే ఆ సందేశం చూసినప్పుడల్లా నాకు ఓపిక నశిస్తుంది.

అపోహ: హిల్లేల్, షమ్మాయి వర్గాలు బద్ధశత్రువులు.

వాస్తవం: వివాహ నియమాలలోనే విభేదించినా ఒకరి ఇంటి పిల్లను మరొకరు చేసుకోవడం మానలేదని తాల్ముద్‌లోని యెవామోత్ భాగం చెబుతోంది.

అపోహ: రెండు పక్షాలూ సరైనవే అయితే నిర్ణయమంటూ ఉండదు.

వాస్తవం: రెండూ సజీవుడైన దేవుని మాటలేనని ప్రకటించిన ఆకాశవాణే, ఆచరణ హిల్లేల్ వర్గం ప్రకారమని కూడా తేల్చినట్టు తాల్ముద్‌లోని ఎరువిన్ భాగం చెబుతోంది. వారు సౌమ్యులనీ, ప్రత్యర్థుల మాటను తమ మాటకన్నా ముందు చెప్పేవారనీ అక్కడే కారణం ఇచ్చారు. యూదుల ఎనిమిది రోజుల దీపాల పండుగ హనుక్కాకు ఎనిమిది దీపాలతో మొదలుపెట్టి రోజుకొకటి తగ్గించాలన్నది షమ్మాయి వర్గం వాదం. నేడు ఇళ్లలో ఒకటితో మొదలై రోజుకొకటి పెరుగుతాయి.

ఈ పాఠం తరువాత, పాస్టరు కావాలనుకుంటున్న ఒక కుర్రాడు వచ్చి, వాక్యానికి ఇన్ని అర్థాలుంటే తన విశ్వాసం దేని మీద నిలబడుతుందని అడిగాడు. గొంతులో వాదన లేదు, భయమే ఉంది. అలాంటివారి మీద నాకు జాలే కాదు, గౌరవం కూడా. అతనితో కలిసి తాల్ముద్‌లోని బావా మెట్సియా భాగం తెరిచాను. తనతో కలిసి చర్చించే రేష్ లకీష్ చనిపోయాక రబ్బీ యోహానాన్‌కు ఊరటగా మరొక పండితుణ్ణి పంపితే, అతను యోహానాన్ చెప్పిన ప్రతి మాటకూ సమర్థన చూపాడు. యోహానాన్‌కు అది రుచించలేదు: రేష్ లకీష్ అయితే 24 ఆక్షేపణలు చేసేవాడు, నేను 24 సమాధానాలు చెప్పేవాణ్ణి, ధర్మం అలా విశాలమయ్యేదన్నాడు.

మరి హద్దు లేదా అన్నాడు కుర్రాడు. ఉంది. సన్హెద్రిన్ భాగం ప్రకారం, యెరూషలేములోని ఉన్నత న్యాయసభ తీర్పు వచ్చాక కూడా పండితుడు ఊరికి తిరిగివెళ్లి తన పాత అభిప్రాయాన్నే బోధిస్తే శిక్ష లేదు. ఆ ప్రకారం ఆచరించమని జనానికి తీర్పు చెబితేనే నేరం.