ఎల్‌ఈడీ బల్బు ఇంత చవక ఎలా అయింది, కొనేటప్పుడు ఏం చూడాలి

2014 అక్టోబర్ 7న భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతిని ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు ప్రకటించారు. నీలి కాంతినిచ్చే ఎల్‌ఈడీని సాధించినందుకు వచ్చిన గుర్తింపు అది. సరిగ్గా ఐదు రోజులకు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చీకట్లోకి నెట్టింది. ఆ దెబ్బ నుంచి తేరుకునే క్రమంలోనే నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలకు మార్చారు.

నీలి కాంతికి అంత గౌరవం ఎందుకంటే, ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు అది రేడియోలకు, వోల్టేజి స్టెబిలైజర్లకు గుర్తు లైటుగానే ఉండిపోయింది. 1990ల మొదట్లో జపాన్‌లో గట్టి వెలుగునిచ్చే నీలి ఎల్‌ఈడీ తయారయ్యాకే దారి తెరుచుకుంది. దాని మీద పసుపు కాంతినిచ్చే ఫాస్ఫర్ పూత వేస్తే నీలం, పసుపు కలిసి మన కంటికి తెల్లటి వెలుగు కనిపిస్తుంది. ఇప్పుడు మన ఇళ్లలోని బల్బుల్లో చాలావరకు ఇదే పద్ధతి.

అయితే బల్బు ఉండగానే సరిపోదు, కొనగలగాలి. 2014 మొదట్లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున టెండర్ పిలిచినా ఒక్కో 7 వాట్ల బల్బుకు రూ. 310 పడింది. అరవై క్యాండిల్ (60 వాట్ల పాత ఫిలమెంట్) బల్బును పది, పదిహేను రూపాయలకు తెచ్చుకునే ఇంటికి అది అందని ధర. అప్పుడు చేసిన ఏర్పాటు నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత బల్బు ఇస్తే పది రూపాయలకు ఎల్‌ఈడీ ఇచ్చారు. మిగతా సొమ్మును ఆదా అయిన కరెంటు లెక్కలోంచి విద్యుత్ పంపిణీ సంస్థ ఈఈఎస్ఎల్‌కు ఏళ్ల మీద కట్టుకునేలా ఏర్పాటు. సాయంత్రం ఆరు దాటాక అన్ని ఇళ్లలో ఒకేసారి లైట్లు వెలిగినప్పుడు ఖరీదైన కరెంటు కొనాల్సి వచ్చే సంస్థకూ ఇది లాభమే. 2015 జనవరిలో ఈ పథకం దేశమంతటికీ విస్తరించి, తర్వాత ఉజాలా పేరుతో స్థిరపడింది. కోట్ల బల్బులు ఒకేచోట కొనడంతో టెండర్ ధర రెండు మూడేళ్లలోనే దాదాపు రూ. 38కి దిగింది. 2021లో గ్రామ్ ఉజాలా మొదలైనప్పుడు మొదటి విడత ప్రాంతాల్లో విజయవాడ కూడా ఉంది. మళ్లీ అదే పది రూపాయలు, పాత బల్బు బదలాయింపు, మూడేళ్ల గ్యారంటీ.

ఆ మూడేళ్ల గ్యారంటీ మాట అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. ధర పడిపోయాక బజారులో మిగిలింది ధరల పోటీయే. పోటీలో ముందు కోత పడేది కంటికి కనిపించని భాగాలకు. పోయిన బల్బు మూత ఊడదీసి చూడండి. ఎల్‌ఈడీ చుక్కలు చాలాసార్లు బాగానే ఉంటాయి. కింద చిన్న బోర్డు మీద కెపాసిటర్ ఉబ్బిపోయి ఉంటుంది, లేదా బోర్డే నల్లగా కమిలి ఉంటుంది. మెయిన్స్ కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే డ్రైవర్ అది. వేడికి, వోల్టేజి హెచ్చుతగ్గులకు ముందు పోయేది అదే.

అట్టపెట్టె మీద 25,000 గంటలని రాసి ఉంటుంది. రోజుకు ఐదు గంటల చొప్పున లెక్కేస్తే 13 ఏళ్లు దాటాలి. అదే పెట్టె మీద గ్యారంటీ మాత్రం ఏడాదో, రెండేళ్లో. నేనైతే ఆ రెండో అంకెనే నమ్ముతాను. రెండేళ్లకు తక్కువైతే కొనను. గ్యారంటీ ఇచ్చే షాపు మన ఊళ్లో ఉండాలి, బిల్లు దాచుకోవాలి.

రెండోది, వాట్లు చూసి వెలుగును అంచనా వేయొద్దు. వాట్లు చెప్పేది కరెంటు ఖర్చు, వెలుగును చెప్పేవి లూమెన్లు. పాత 60 వాట్ల బల్బు సుమారు 700 లూమెన్లు ఇచ్చేది. ఇప్పుడు మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ 900 దాకా ఇస్తుంది. లూమెన్లే రాయని పెట్టెను అక్కడే వదిలేయండి. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ కూడా పెట్టె మీద చూడండి, అది ‘ఆర్’ అక్షరంతో మొదలవుతుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే తయారీదారు పేరు వస్తుంది. పల్లెల్లో లో వోల్టేజి సమస్య ఉన్నవాళ్లు పెట్టె మీద వోల్టేజి పరిధి కూడా చూసుకోవాలి.

ఇక ఆదా సంగతి. 60 వాట్ల బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు అవుతుంది, 9 వాట్లది 1.35 యూనిట్లు. నాలుగు బల్బులు మారిస్తే నెలకు 30 యూనిట్లు మిగులుతాయి. తెలుగు రాష్ట్రాల్లో స్లాబులు ఉన్నాయి కాబట్టి ఆ మిగులు పై స్లాబు నుంచి, అంటే ఎక్కువ రేటు పడే యూనిట్ల నుంచి తగ్గుతుంది. ముందుగా ఎక్కువసేపు వెలిగే వంటింటి, హాలు బల్బులు మార్చండి. స్టోర్ రూమ్ బల్బుకు తొందరేమీ లేదు.

వెలుగు ఛాయను కెల్విన్లలో చెబుతారు; పడకగదికి 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు ఛాయ హాయిగా ఉంటుంది. గాలాడని గాజు గుమ్మటంలో ఎల్‌ఈడీ బిగిస్తే వేడికి త్వరగా పోతుంది. ఫాల్స్ సీలింగ్‌కు ప్యానెల్ లైట్లు కొంటుంటే డ్రైవర్ విడిగా వచ్చేవే అడగండి. అది పోతే ఎలక్ట్రీషియన్ డ్రైవర్ ఒక్కటే మారుస్తాడు, ప్యానెల్ అలాగే ఉంటుంది.