పాత పిన్‌బాల్ మెషీన్: అపోహలు – వాస్తవాలు

పిన్‌బాల్ అంటే ఏటవాలు బల్ల మీద దొర్లే లోహపు బంతిని, బటన్ నొక్కితే లేచే చిన్న చేతులతో (ఫ్లిప్పర్లు) కొడుతూ, కిందికి జారిపోకుండా చూస్తూ పాయింట్లు కొట్టే ఆట. ఇక్కడ మాట్లాడేది 1970ల చివరి దాకా గాట్లీబ్, విలియమ్స్, బ్యాలీ కంపెనీలు చికాగోలో తయారుచేసిన మెషీన్ల గురించి. లోపల చిప్ లేదు. రిలేలు (కరెంటుతో కలిసి విడిపోయే స్విచ్‌లు), స్టెప్పర్లు (ఒక్కో మెట్టు చొప్పున జరిగే చక్రాలు), ఒక స్కోర్ మోటారు, వాటిని కలిపే బోలెడన్ని తీగలు.

అపోహ: ఇదంతా అదృష్టమే.
వాస్తవం: న్యూయార్క్ నగరం కూడా అలాగే అనుకుని 1942లో నిషేధం పెట్టింది. 1976లో జర్నలిస్టు రోజర్ షార్ప్ సిటీ కౌన్సిల్ వాళ్ల ఎదుట, బంతి పైన మధ్య దారిలోంచి దిగుతుందని ముందే చెప్పి, ప్లంజర్ (బంతిని బల్లమీదికి తోసే స్ప్రింగు కడ్డీ) లాగి, అన్నట్టే దించాడు. నిషేధం పోయింది. ప్లంజర్‌ని ప్రతిసారీ చివరిదాకా లాగి వదిలేసేవాళ్లు ఆటలో సగం వదులుకున్నట్టే. కడ్డీ ఎంత బయటికొచ్చిందో చూస్తూ కొంచెం అటూ ఇటూ మార్చండి. రెండు మూడు బంతుల్లో ఆ స్ప్రింగు మీ చేతికి తెలిసిపోతుంది.

అపోహ: మెషీన్‌ని కుదిపితే దొంగాట.
వాస్తవం: కుదపడం ఆటలో భాగం, టిల్ట్ దాని హద్దు. లోపల ఒక లోహపు రింగు మధ్య లోలకం వేలాడుతుంది. అది రింగుకి తగిలితే టిల్ట్, అంటే ఆ బంతి ఆట అక్కడితో సరి. ముందుభాగం ఎత్తితే చిన్న గుండు పట్టాల మీద వెనక్కి దొర్లి ఇంకో కాంటాక్టు కలిపేస్తుంది, కాబట్టి ఎత్తొద్దు. బంతి బల్లమీది రబ్బరుకో పోస్టుకో (చిన్న గూటానికో) తగిలే క్షణంలో అరచేతితో పక్కనుంచి ఒక్క చిన్న తోపు చాలు. బంతి ఖాళీగా దొర్లుతుంటే తోపు దాని వేగాన్ని పెద్దగా మార్చదు. అసలు పొరపాటు రెండో తోపు. మొదటి ఊపు ఆగకముందే మళ్లీ తోస్తే లోలకం ఊపు పెరిగి రింగుని తాకుతుంది. రెండు మూడు సెకన్లు ఆగండి. బోనస్ (బంతి పోయాక స్కోరుకి కలిసే అదనపు పాయింట్లు) బాగా పోగైనప్పుడు బంతి పోతే పోనివ్వండి, టిల్ట్ అయితే ఆ బోనస్ కూడా పోతుంది. 1960ల ముందరి చాలా మెషీన్లలో టిల్ట్ అంటే బంతి కాదు, ఆటే పోవడం.

అపోహ: లైట్లు ఇష్టమొచ్చినట్టు వెలుగుతాయి.
వాస్తవం: చాలా మెషీన్లలో కుడి ఎడమ అవుట్‌లేన్ల (అంచుల్లో బంతి బయటికి జారిపోయే దారులు) ‘స్పెషల్’ (ఉచిత ఆటలాంటి బహుమతి) లైటు ఒక ఆల్టర్నేటింగ్ రిలే మీద నడుస్తుంది. ఫలానా స్విచ్ తగిలిన ప్రతిసారీ అటునుంచి ఇటు మారుతుంది. ఏ స్విచ్ మారుస్తుందో పది నిమిషాలు కనిపెట్టండి. తరవాత బంతి ఎడమకి జారిపోతుంటే, దారిలో ఆ స్విచ్ ఉన్న రబ్బరుని ఒకసారి తాకేలా తోసి లైటుని ఎడమకి తెచ్చుకోవచ్చు. పోయే బంతి కూడా ఏదో ఒకటి ఇచ్చి పోతుంది.

అపోహ: ఎంత ఎక్కువ కొడితే అన్ని పాయింట్లు.
వాస్తవం: 50 పాయింట్ల టార్గెట్ తగిలితే స్కోర్ మోటారు తిరిగి పదేసి చొప్పున ఐదుసార్లు కొడుతుంది, టకటకటకటక అని మీకే వినిపిస్తుంది. చాలా మెషీన్లలో ఆ చప్పుడు ఆగేలోపు తగిలిన ఇంకొన్ని టార్గెట్లు లెక్కకి రావు. వీలైతే బంతిని ఫ్లిప్పర్ మీద ఆపుకుని, మోటారు ఆగాక కొట్టండి.

అపోహ: రెండు ఫ్లిప్పర్లూ ఒకేసారి నొక్కితే సురక్షితం.
వాస్తవం: అప్పటికే లేచి ఉన్న ఫ్లిప్పర్‌తో బంతిని కొట్టడం కుదరదు. కుడి ఫ్లిప్పర్ చివరినుంచి జారే బంతిని కదలకుండా ఉన్న ఎడమది ఆపగలదు, దాన్నీ లేపితే దారి తెరిచినట్టే. పక్కనుంచి ఏటవాలుగా వేగంగా వచ్చే బంతిని అసలు నొక్కకుండా వదిలేయండి, రబ్బరుకి తగిలి అవతలి ఫ్లిప్పర్ మీదికి నెమ్మదిగా గెంతుతుంది. 1968కి ముందటి ఫ్లిప్పర్లు రెండంగుళాలవి, కాబట్టి ఇది మరీ ముఖ్యం. ఫ్లిప్పర్ నీరసంగా ఉంటే వేలు తప్పు కాదు, చాలాసార్లు స్ట్రోకు (ఫ్లిప్పర్ లేచే కదలిక) చివర ఉండే ఎండ్-ఆఫ్-స్ట్రోక్ స్విచ్ కాంటాక్టులు మసిబారి ఉంటాయి.

అపోహ: చివర్లో మ్యాచ్ నంబరు మెషీన్ దయ.
వాస్తవం: ఆట చివర మెషీన్ చూపే నంబరు మీ స్కోరు చివరి అంకెలతో కలిస్తే ఒక ఆట ఉచితం, అదే మ్యాచ్. పది స్థానాల స్టెప్పర్ అది. ఆటంతా స్విచ్‌లు తగులుతుంటే చాలా మెషీన్లలో అదీ జరుగుతూ, ఆట ముగిసేసరికి ఎక్కడుంటే అదే నంబరు. సుమారు పదింట ఒకటి. దాని మీద వ్యూహం పెట్టుకోకండి.