పాత హార్మోన్లు ఎక్కడికి పోతాయి?

చిరంజీవులకు,

మొన్న ఫోన్‌లో అడిగారు కదా, "రోజూ కొత్త హార్మోన్లు తయారవుతుంటే పాతవి ఏమవుతాయి తాతయ్యా?" అని. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. అసలు జవాబు కాగితం, పెన్సిల్ లేకుండా కుదరదు.

ఆరు మూలల గడులు మూడు పక్కపక్కనే అంటించి గీయండి. చివర అయిదు మూలల గడి ఒకటి తగిలించండి. హార్మోన్లలో స్టెరాయిడ్లు అనే జాతి ఒకటుంది, వాటన్నిటికీ ఇదే చట్రం. ఇందులోని కార్బన్లకు నంబర్లుంటాయి. 3 మొదటి గడిలో, 6 రెండో గడిలో, 16 చివరి చిన్న గడిలో వస్తాయి. ఈ మూడూ గుర్తుంటే చాలు.

ఇవి నూనె స్వభావం ఉన్న పదార్థాలు, నీళ్లలో సరిగా కరగవు. కరగనిది మూత్రంలో ఎలా పోతుంది? అందుకే కాలేయంలోని కొన్ని ఎంజైములు వాటికి ఒక ఆక్సిజన్ తగిలిస్తాయి. ఆ ఎంజైముల ఇంటిపేరు సైటోక్రోమ్ పీ450. (కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్నప్పుడు ఇవి 450 నానోమీటర్ల కాంతిని బాగా పీలుస్తాయి. ఆ పేరు అలా వచ్చింది.) వీటి మధ్యలో ఉండే ఇనుము ఆక్సిజన్ అణువును పట్టుకుని రెండుగా చీలుస్తుంది. ఒక పరమాణువు హార్మోన్‌కి పోతుంది, రెండోది నీరైపోతుంది.

ఈ ఇంట్లో 3ఏ4, 3ఏ7 అని ఇద్దరు అన్నదమ్ములున్నారు. చదువుకునే రోజుల్లో నేను ఒకదాని బదులు ఇంకోటి రాసి మార్కులు పోగొట్టుకున్నవాణ్ణే. తప్పు నాది ఒక్కడిదే కాదులెండి, రెండిటి గొలుసులోనూ 503 అమైనో ఆమ్లాలే, అందులో దాదాపు 88 శాతం ఒకటే! మిగిలిన ఆ కాస్త తేడాతోనే హార్మోన్ వచ్చి కూర్చునే గుంట ఆకారం మారిపోతుంది. గుంటలో హార్మోన్‌ది ఏ మూల ఇనుము దగ్గరికి వస్తే ఆక్సిజన్ అక్కడే పడుతుంది.

3ఏ4 పెద్దవాళ్ల కాలేయంలో ఉంటుంది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ దొరికితే ముఖ్యంగా 6 దగ్గర ఆక్సిజన్ పెడుతుంది. 3ఏ7 కూడా ఆ పని చేయగలదు, కానీ బాగా నెమ్మది. దానికి ఇష్టమైనది వేరే ఉంది: డీహెచ్‌ఈఏ సల్ఫేట్ అనే ఇంకో స్టెరాయిడ్. దాని 3వ కార్బన్‌కి సల్ఫేట్ తోక ఉంటుంది. 3ఏ7 దానికి 16 దగ్గర ఆక్సిజన్ పెడుతుంది.

ఇదెందుకంటే, 3ఏ7 కడుపులో ఉన్న బిడ్డ కాలేయానిది. బిడ్డ మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు డీహెచ్‌ఈఏ సల్ఫేట్‌ను బోలెడంత తయారుచేస్తాయి. కాలేయం 16 దగ్గర గుర్తు పెట్టి పంపితే, మాయ (ప్లాసెంటా) ఆ సల్ఫేట్ తీసేసి ఈస్ట్రియాల్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది. అది తల్లి రక్తంలోకి, అక్కణ్ణించి మూత్రంలోకి వస్తుంది. ఒకప్పుడు డాక్టర్లు తల్లి మూత్రంలో ఈస్ట్రియాల్ కొలిచి లోపల బిడ్డ ఎలా ఉందో అంచనా కట్టేవాళ్లు. బిడ్డ కాలేయం పెట్టిన గుర్తు తల్లి మూత్రంలో దొరకడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

పుట్టాక మొదటి ఏడాదిలో 3ఏ7 తగ్గిపోతుంది, 3ఏ4 పెరుగుతుంది. పసిపిల్లలకు మందు ఇచ్చేటప్పుడు పెద్దల డోసును బరువు లెక్కన తగ్గించేస్తే సరిపోకపోవడానికి ఇదీ ఒక కారణం.

అయితే కొద్దిమందిలో 3ఏ7 జన్యువును నడిపించే స్విచ్‌లో ఒక ముక్క, 3ఏ4 స్విచ్ ముక్కతో మారిపోయి ఉంటుంది. వాళ్లలో 3ఏ7 పెద్దయ్యాక కూడా ఆగదు. వాళ్ల రక్తం పరీక్ష చేస్తే ఏది తక్కువగా కనబడుతుందో, మీరు గీసిన బొమ్మ చూసి చెప్పండి.

మీ తాతయ్య