పని భారమా, పని మీద పట్టు లేకపోవడమా?

"భద్రత ఉంది, నెల తిరిగేసరికి జీతం పడుతుంది. అయినా ప్రభుత్వ ఉద్యోగుల్లో ఇంత నిరుత్సాహం ఎందుకు?" అని ఒక పాఠకురాలు అడిగారు. జీతం, భద్రత అసంతృప్తిని తగ్గిస్తాయి కానీ పని మీద ఇష్టాన్ని పుట్టించలేవని అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే చెప్పారు. ఆ సంగతి అంతటితో వదిలేస్తాను. నన్ను పట్టేసుకున్న ఆధారం గుండె జబ్బుల లెక్కల్లో దొరికింది.

1967లో లండన్‌లో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది (వైట్‌హాల్ అంటే అక్కడి ప్రభుత్వ కార్యాలయాలుండే వీధి). సుమారు 18,000 మంది మగ ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. పెద్ద అధికారికే టెన్షన్ ఎక్కువ, గుండెపోటూ ఆయనకే వస్తుందని అప్పట్లో గట్టి నమ్మకం. ఇప్పటికీ చాలామంది అదే అంటారు. తీరా చూస్తే అట్టడుగు గ్రేడులో గుండె జబ్బు మరణాలు పై గ్రేడుకు సుమారు మూడు రెట్లు! పొగతాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ అన్నీ కలిపినా ఈ తేడాలో సగం కూడా తేలలేదు.

1979లో రాబర్ట్ కారాసెక్ ఒక నమూనా ప్రతిపాదించారు. పని ఒత్తిడి ఎంత అన్నది ఒక కొలత, ఆ పనిని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు (పని మీద పట్టు అంటున్నది దీన్నే) ఎంత అన్నది మరో కొలత. మొదటిది ఎక్కువై, రెండోది తక్కువైతేనే ప్రమాదం. ఘాట్ రోడ్డు మీద కారు ప్రయాణం తలుచుకోండి. వెనక సీట్లో వాళ్లకు కడుపులో తిప్పుతుంది, డ్రైవరుకు తిప్పదు. మలుపులు ఇద్దరికీ ఒకటే, కుదుపులూ ఒకటే. స్టీరింగ్ తిప్పేది తనే కాబట్టి రాబోయే కదలికను డ్రైవరు మెదడు ముందే అంచనా వేసుకుంటుంది. వెనక కూర్చున్నవాళ్లకు ప్రతి మలుపూ వచ్చాకే తెలుస్తుంది. రోడ్డు ఎంత చదును చేసినా ఈ తేడా పూర్తిగా పోదు. పని తగ్గిస్తే చాలనుకునే అధికారులకు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఒంట్లో జరిగేది ఇది: ముప్పు తోచగానే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాని కిందున్న పిట్యూటరీ గ్రంథిని, అది మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథిని ప్రేరేపిస్తే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ విడుదలవుతుంది. కార్టిసాల్ పెరిగాక మెదడు ఆ గొలుసును ఆపేయాలి. ముప్పు రోజూ అలాగే ఉంటే ఆ అదుపు సడలుతుంది. రక్తంలో చక్కెర, రక్తపోటు, నడుము చుట్టూ కొవ్వు పెరగవచ్చు.

1985లో మైకేల్ మార్మట్ బృందం 10,308 మంది స్త్రీ పురుషులతో రెండో వైట్‌హాల్ అధ్యయనం మొదలుపెట్టింది. మూడేళ్ల తేడాతో రెండుసార్లు అడిగినప్పుడూ పని మీద పట్టు తక్కువే అన్నవారిలో గుండె జబ్బు అవకాశం, రెండుసార్లూ పట్టు ఎక్కువున్నవారితో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఇది ఊరికే సణిగేవాళ్ల మాట కాదు. ఉద్యోగి చెప్పిన జవాబును పక్కనపెట్టి, ఆ ఉద్యోగంలో ఎంత స్వేచ్ఛ ఉందో బయటివారు అంచనా వేసినా ధోరణి అదే. పై అధికారి తమ మాట వింటారని, న్యాయంగా చూస్తారని చెప్పిన మగ ఉద్యోగుల్లో గుండె జబ్బు తక్కువగా కనిపించింది. ఇవి పరిశీలనలే కాబట్టి కారణం ఇదొక్కటే అనలేం.

ప్రభుత్వ ఆఫీసులో నిబంధనలు మార్చే వీలుండదు, నిజమే. కానీ ఒక దరఖాస్తులో ఒక కాగితం తగ్గిందనుకోండి. గుమాస్తా తనే ఫోన్ చేసి తెప్పించుకోవచ్చా, లేక ఫైలు మూడు బల్లలు ఎక్కి దిగాలా? ఏ ఫైలు ముందు చూడాలో ఎవరు తేల్చాలి? చాలాచోట్ల ఇలాంటివాటికి చట్ట సవరణ అక్కర్లేదు, విభాగాధిపతి రాసే ఒక్క ఆఫీసు ఉత్తర్వు చాలు.