యూరప్‌ను దాటిన మన పొగ: ఈ లెక్క వెనుక 30 ఏళ్ల గొడవ

కాజీపేట జంక్షన్‌లో కాసేపు నిలబడితే రామగుండం వైపు నుంచి వచ్చే బొగ్గు వ్యాగన్లు కనిపిస్తాయి. ఆ బొగ్గు ఏ ప్లాంటులో కాలినా పొగ మాత్రం భారతదేశం ఖాతాలోనే పడుతుంది. 2024 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆ ఖాతాను బయటపెట్టింది. 2023లో మన దేశం వదిలిన గ్రీన్‌హౌస్ వాయువులు, అంటే భూమిని వేడెక్కించే వాయువులు, సుమారు 410 కోట్ల టన్నులు. 27 దేశాల యూరోపియన్ యూనియన్ మొత్తం కలిపితే 320 కోట్ల టన్నులు. అంటే మనం ఒక ఖండంలోని చాలా భాగాన్ని దాటేశాం.

అదే నివేదికలో ఇంకో వరస ఉంది. మనిషికి ఇంత అని పంచితే మన వాటా 2.9 టన్నులు, యూరోపియన్ యూనియన్‌లో 7.3, ప్రపంచ సగటు 6.6. నన్నడిగితే ముందు చదవాల్సింది ఈ వరసే. 143 కోట్ల మందిని 45 కోట్ల మంది పక్కన నిలబెట్టి మొత్తాలు పోల్చడంలో న్యాయం లేదు.

ఈ గొడవ కొత్తది కాదు. 1990లో వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ భూతాపానికి ఎక్కువ కారణమవుతున్న మొదటి ఐదు దేశాల్లో భారత్‌నూ చేర్చింది. ఆ లెక్కలో మన వరి పొలాల మీథేన్ కూడా ఉంది; అదీ భూమిని వేడెక్కించే వాయువే. నాటేసిన నెలకు కలుపు తీయడానికి మడిలో దిగితే, కాలు పెట్టిన చోటల్లా బురదలోంచి బుడగలు లేస్తాయి. నీళ్ల కింద గాలి ఆడక కొయ్యకాళ్లు కుళ్లి పుట్టే వాయువు అది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో గట్టిగా జవాబిచ్చారు. తిండి కోసం పండించే వరి నుంచి వచ్చేదీ, సంపన్న దేశాల్లో కార్ల నుంచి వచ్చేదీ ఒకే గాటన కట్టొద్దన్నారు. అదే ఏడాది నేషనల్ ఫిజికల్ లేబరేటరీ శాస్త్రవేత్తలు ఎ.పి. మిత్ర నాయకత్వంలో పొలాలకు వెళ్లి మీథేన్‌ను నేరుగా కొలిచారు. అమెరికా వాళ్లు వేసిన అంచనాలో దాదాపు పదో వంతే తేలింది.

1992లో రియోలో కుదిరిన ప్రపంచ దేశాల వాతావరణ ఒప్పందం 'బాధ్యత అందరిదీ, వాటాలు వేరు' అనే సూత్రాన్ని రాసుకుంది. పాత లెక్క తీస్తే కారణం అర్థమవుతుంది. ఇల్లెందులో బొగ్గు తవ్వడం మొదలైన 1889 నాటికే యూరప్ వందేళ్లకు పైగా బొగ్గు కాల్చింది. 1850 నుంచి పోగైన కార్బన్ డయాక్సైడ్‌లో యూరోపియన్ యూనియన్ వాటా 12 శాతం, మనది 3 శాతం.

ఆ కూటమి కూడా తన ఇంట్లో వాటాలు సమానంగా పంచుకోలేదు. పొగ తగ్గించడానికి కుదిరిన 1997 క్యోటో ఒప్పందంలో అప్పటి 15 దేశాలు కలిసి 1990తో పోలిస్తే 8 శాతం తగ్గిస్తామన్నాయి. తమలో తాము పంచుకునేటప్పుడు జర్మనీ 21 శాతం తగ్గించాలని, పోర్చుగల్ 27 శాతం, గ్రీస్ 25 శాతం పెంచుకోవచ్చని రాసుకున్నాయి. వెనకబడిన వాళ్లు ఎదగాలి కదా అన్నదే అక్కడి మాట. మనం అడిగిందీ అదే. పైగా పోలికకు తీసుకున్న 1990, జర్మనీకి కలిసొచ్చింది: ఆ తర్వాత తూర్పు జర్మనీ పాత ఫ్యాక్టరీలు మూతపడి పొగ దానంతటదే తగ్గింది.

ఇదంతా చెప్పి మనం చేతులు దులుపుకోలేం. 2023లో యూరోపియన్ యూనియన్ పొగ 7.5 శాతం తగ్గింది, మనది 6.1 శాతం పెరిగింది. మన కరెంటులో దాదాపు ముప్పావు వంతు ఇంకా బొగ్గుదే. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2022లో వచ్చింది, కానీ పక్కనున్న థర్మల్ యూనిట్ల ముందు అది చాలా చిన్నది. వరి మడిని మధ్యమధ్యలో ఆరగడితే మీథేన్ బాగా తగ్గుతుంది. అయితే కాకతీయ కాలువ చివరి ఆయకట్టు రైతుకు మళ్లీ తడి ఎప్పుడందుతుందో నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం లేనప్పుడు యాసంగిలో ఉన్న నీళ్లను మడిలోంచి వదిలేయమంటే ఎవరు వదులుతారు?