ఆ గొంతు ఎవరిది? మద్రాసు డబ్బింగ్ ఆడవాళ్ల వెనక కథ

మద్రాసు సాలిగ్రామంలో మా వీధి చివర ఒక అక్క ఉంటుంది. తెనాలి దగ్గర పల్లె నుంచి పెళ్లి చేసుకుని మద్రాసు వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు డబ్బింగ్ చెబుతోంది. పోయిన నెల ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఒక సీరియల్‌కు చెప్పిన డబ్బింగ్ డబ్బులు పడాలంటే దాని మీద సంతకం పెట్టాలన్నారట. ఇంగ్లీషులో రెండు పేజీలు. "నువ్వు చదువుకున్నదానివి, ఏముందో చెప్పమ్మా" అంది.

అందులో ఒక షరతు ఉంది. ఆమె గొంతును ఇప్పుడున్న పద్ధతుల్లోనే కాక, ఇకముందు రాబోయే ఏ టెక్నాలజీలోనైనా, ఎన్నిసార్లయినా వాడుకునే హక్కు కంపెనీదేనని. తెలుగులో చెప్పాను. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే నా గొంతు నాది కాదన్నమాట. ఎప్పట్నించి కాకుండా పోయిందమ్మా?" అంది.

ఆ మాట అప్పట్నించి నన్ను వదల్లేదు. జవాబు వెతకాలంటే తొలి టాకీల దాకా వెళ్లాలి. ఎందుకంటే అప్పుడు ఆడవాళ్లకు సినిమాలో చోటు దొరికిందే గొంతు వల్ల.

1932 ఫిబ్రవరి 6న విడుదలైన తెలుగు తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన సురభి కమలాబాయి నాటకాల మనిషి. మర్యాదస్తుల ఇళ్ల ఆడపిల్లలు రంగస్థలం ఎక్కకూడదనే రోజులవి. ఆడవేషాలు స్థానం నరసింహారావు వంటి మగవాళ్లు కట్టేవారు. సురభి వాళ్లది మాత్రం 1885 నుంచీ కుటుంబాలకు కుటుంబాలే నాటకం ఆడే సంప్రదాయం. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి, కమలాబాయి స్టేజీ మీదే పుట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మైకు లేని పందిట్లో చివరి వరుస వరకూ పద్యం వినిపించగల ఆడవాళ్లు అలాంటి ఇళ్లలోనే దొరికేవారు. టాకీలకు కావలసింది కూడా అదే. నటిస్తూనే పాడాలి, మాట్లాడాలి, అదంతా అక్కడికక్కడే రికార్డవ్వాలి.

1934లో వేల్ పిక్చర్స్ వాళ్లు 'సీతాకల్యాణం' తీశాక మద్రాసులో తెలుగు సినిమా వేళ్లూనుకుంది. మరుసటి ఏడు 'హరిశ్చంద్ర'తో కన్నాంబ వచ్చారు. ఆవిడా నాటకాల నుంచే. 'పల్నాటి యుద్ధం' (1947)లో నాయకురాలు నాగమ్మగా ఆవిడ డైలాగు చెబుతుంటే, ముఖం చూడకపోయినా ఎవరో తెలిసిపోతుంది. 1939లో 'వరవిక్రయం'తో వచ్చిన భానుమతి అయితే తన పాటలు తానే పాడుకున్నారు, వేరేవాళ్ల గొంతు పెట్టనివ్వలేదు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ దర్శకత్వం చేశారు. మద్రాసులో సొంత స్టూడియో ఉండేది. ఆవిడ గొంతు గురించి మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది?

గొంతును మనిషి నుంచి విడదీసే పని అప్పటికే మొదలైంది. 1943లో 'భాగ్యలక్ష్మి' సినిమాలో తెర మీద కమలా కోట్నిస్ ఉంటే, పాట రావు బాలసరస్వతీదేవిది. తెలుగులో తొలి నేపథ్య గాయనిగా ఆవిడనే చెప్పుకుంటారు. ఆ దారిలోనే తర్వాత విజయనగరం నుంచి సుశీల, గుంటూరు జిల్లా పల్లపట్ల నుంచి జానకి మద్రాసు చేరారు. తెర మీద ఏ హీరోయిన్ కనిపించినా పాడింది సుశీల అని ఇంట్లో అమ్మమ్మకు కూడా తెలుసు. మాట చెప్పిన మనిషి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. రెండూ అరువు గొంతులే కదా, ఈ తేడా ఎందుకొచ్చింది?

నాకు తోచిన కారణం ఒకటే. పాటకు గ్రామఫోను రికార్డు ఉంది. దాని మధ్యలో కాగితం చక్రం మీద పాడినవాళ్ల పేరు అచ్చయ్యేది. రేడియోలో పాట వేసే ముందు అనౌన్సరు ఆ పేరు చదివేది. పాట సినిమా నుంచి విడిగా అమ్ముడుపోయే సరుకు, కాబట్టి దానికి పేరు అంటింది. మాటను విడిగా ఎవరూ అమ్మలేదు. అది హీరోయిన్ నోట్లోంచి వచ్చిందనే జనం నమ్మాలి, లేకపోతే బొమ్మ పాడవుతుందని నిర్మాతల భయం. అందుకే డబ్బింగ్ ఆడవాళ్ల పేరు టైటిల్స్‌లో పడకపోవడం ఎవరికీ తప్పుగా తోచలేదు.

తెలుగులో తొలి డబ్బింగ్ సినిమా 1950లో వచ్చిన 'ఆహుతి'. హిందీ బొమ్మకు మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. ఆ పని ఎంత కష్టమో అక్క దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. తమిళంలో 'వేణుం' అంటే చివర పెదాలు మూసుకుంటాయి. దాని తెలుగు 'కావాలి'. అందులో పెదాలు ఒక్కసారి కూడా కలవవు. తెర మీద నోరు మూతపడిన క్షణానికి మన మాటలో ప, బ, మలలో ఏదో ఒకటి తగలాలి. పైగా మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, నోరు తెరుచుకునే ఉంటుంది. రైటరు ఎంత చూసి రాసినా, చివరి సర్దుబాటు మైకు ముందు నిలబడ్డ మనిషి నోట్లోనే జరుగుతుంది. ఒక సాగదీత, ఒక ఊపిరి, మాట చివర చిన్న 'మ్'. ఇవి ఏ పేపర్ మీదా ఉండవు.

ఒకసారి అక్కతోపాటు డబ్బింగ్ థియేటర్‌కు వెళ్లాను. నూలు చీర కట్టుకుంది. పట్టుచీర గరగర మైకుకు వినిపిస్తుందట. గాజులు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసింది. ఆ రోజు ఒక బిడ్డ చనిపోయిన తల్లి సీను. మొదటి టేకులో లిప్ కుదరలేదు, రెండోదాంట్లో ఏడుపు ఎక్కువైందన్నారు. ఇలా పదకొండు సార్లు ఏడ్చింది. ప్రతిసారీ కొత్తగా, నిజంగా కన్నీళ్లు పెట్టుకుంది. బయటికొచ్చి వేడినీళ్లు తాగి, సైగలతో ఇంటికి వెళ్దాం పద అంది. మాట రావడానికి రాత్రయింది.

ఫిల్ములో డబ్బింగ్ చెప్పే రోజుల్లో ఇంకో టెన్షన్ ఉండేది. సీనును చిన్న ముక్కలుగా కోసి, కొసలు అతికి, లూపులా తిప్పేవారు. అందరూ ఒకే మైకు చుట్టూ నిలబడి చెప్పాలి. చివరి మాటలో ఒకరు తడబడితే మొత్తం మళ్లీ మొదటికి. ఇప్పుడు ఒక్కొక్కరూ విడివిడిగా వచ్చి తమ ట్రాక్ చెప్పి వెళ్లిపోతారు. సుఖమే, కానీ ఒకరికొకరు తెలియకుండా పోయారు. పక్కవాళ్లకు ఎంత ఇచ్చారో కనుక్కునే వీలు కూడా పోయింది.

ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. రేడియో నాటకాలు చెప్పినవాళ్లు, నాటక సమాజాల వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, చిన్నప్పుడు పిల్లల వేషాలు వేసినవాళ్లు. 1967లో ఏవీఎం 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా అందరి మనసూ దోచిన రోజారమణి, పెద్దయ్యాక వందల సినిమాలకు డబ్బింగ్ చెప్పారు. సరిత కథ నన్ను మరీ కదిలిస్తుంది. 1978లో 'మరో చరిత్ర'లో హీరోయిన్. ఆ తెలుగు బొమ్మ తమిళుల మద్రాసులో ఏడాది దాటి ఆడింది. అంతటి నటి తర్వాత విజయశాంతికి, నగ్మాకు, సౌందర్యకు గొంతయ్యారు. బొంబాయి నుంచీ కేరళ నుంచీ హీరోయిన్లు వస్తున్నారు, రంగూ రూపూ వాళ్లది, భాష మనవాళ్లది. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోయింది. నంది అవార్డుల్లో డబ్బింగ్‌కు విడిగా బహుమతి పెట్టడం మంచి పని. దానివల్ల కొందరి పేర్లయినా పేపర్లో వచ్చాయి.

పేరు లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మలయాళంలో ఉంది. 1993 నాటి 'మణిచిత్రత్తాళు'లో శోభన నాగవల్లిగా తమిళం మాట్లాడుతుంది. ఆ సినిమాకు ఆవిడకు జాతీయ అవార్డు వచ్చింది. డబ్బింగ్ అంతా భాగ్యలక్ష్మి అనే డబ్బింగ్ కళాకారిణిదేనని జనం ఏళ్ల తరబడి అనుకున్నారు. నాగవల్లి తమిళం చెప్పింది దుర్గ అని దర్శకుడు ఫాజిల్ 2016లో బయటపెట్టారు. ఇరవై మూడేళ్లు పట్టింది.

తెలుగు పరిశ్రమ మెల్లగా హైదరాబాదు వెళ్లిపోయినా, తమిళ బొమ్మల తెలుగు పని చాలావరకు ఇక్కడే ఉండిపోయింది. పిల్లల చదువులు, సొంత ఇల్లు, భర్త ఉద్యోగం వదిలి వెళ్లలేని ఆడవాళ్లూ ఇక్కడే ఆగిపోయారు. వాళ్లను ఆదుకున్నది టీవీ. 1999లో రాధిక 'చిత్తి' తమిళంలో మొదలై, జెమినీలో 'పిన్ని'గా తెలుగు ఇళ్లలోకి వచ్చింది. అలాంటి సీరియళ్లతో రోజూ పని, రోజూ బేటా (దినభత్యం). అక్క పెద్దమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు సీరియల్ గొంతుతోనే కట్టింది. అయినా నడుస్తున్న ఎపిసోడ్‌లో ఆమె పేరు నేనెప్పుడూ చూడలేదు.

2018 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 'ఏ మాయ చేసావే' (2010)లో సమంతకు గొంతిచ్చిన చిన్మయి, తనకు జరిగిన వేధింపుల గురించి ఆ అక్టోబరులో నోరు విప్పారు. నవంబరులో డబ్బింగ్ యూనియన్ ఆవిడను తొలగించింది. సభ్యత్వం డబ్బు కట్టలేదన్నది యూనియన్ మాట, మాట్లాడినందుకే తీసేశారన్నది ఆవిడ మాట. ఇక్కడ యూనియన్ కార్డు లేకపోతే థియేటర్ గుమ్మం దాటడం కష్టం కాబట్టి అది బతుకుదెరువు సమస్య. ఐదేళ్లకు, 2023లో 'లియో'లో త్రిషకు తమిళం, తెలుగు, కన్నడం మూడింటిలోనూ ఆవిడే చెప్పారు. ఆ వార్త విని అక్క మా ఇంటికి కేసరి చేసి పంపింది.

ఇక అక్క చేతిలోని కాగితం సంగతి. గొంతును మెషీనులో తయారుచేయడం మన దగ్గరికీ వచ్చేసింది. 2023లో 'కీడాకోలా' సినిమాలో బాలుగారి గొంతును అలా వాడారని, అనుమతి తీసుకోలేదని ఆయన కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. బాలుగారి గొంతు ఎవరిదో దేశమంతా చెబుతుంది. అక్క గొంతు ఆమెదేనని ఎవరు చెప్పాలి?

చట్టం కొంత సాయం చేస్తుంది, కొంత ఇరికిస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించి, కళాకారులకు 'ఇది నా ప్రదర్శన' అని పేరు చెప్పుకునే హక్కు ఇచ్చారు. అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. సినిమాలో పని చిన్నదీ యాదృచ్ఛికమైనదీ అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో పేరు పడనివాళ్లయితే, వాళ్లను చాలా హక్కుల విషయంలో కళాకారులుగా లెక్కించరు. పదకొండు సార్లు ఏడ్చిన మనిషి పని యాదృచ్ఛికం కాదని నేను గట్టిగా నమ్ముతాను. కానీ ఎక్కడా పేరు లేనప్పుడు ఆ మాట రుజువు చేసే భారం ఆమె మీదే పడుతుంది. ఏళ్ల తరబడి 'పేరుదేముందిలే' అని సర్దుకుపోయినందుకు ఇదీ ఫలితం.

ఇదంతా అక్కకు నాకు తెలిసినంతలో చెప్పాను. లాయర్ని అడగమన్నాను. ఆమె నా పెన్ను తీసుకుని, నేను వేలు పెట్టి చూపించిన షరతును నిలువునా కొట్టేసింది. పక్కనున్న ఖాళీలో తెలుగులో రాసింది: "టైటిల్స్‌లో నా పేరు వేయాలి." కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. మర్నాడు కొరియర్‌లో పంపాం.

మూడు వారాలైంది. డబ్బులు పడలేదు, జవాబూ రాలేదు. అక్క పొద్దున్న ఏడింటికి వేరే థియేటర్‌లో కాల్షీట్ ఉందని గాజులు తీసి బ్యాగులో వేసుకుని వెళ్లింది.