బండ పేలిందా, గది పేలిందా? వంటింటి మంటలపై అపోహలు - వాస్తవాలు

ఫైర్ స్టేషన్‌లో మాకు తరచూ వినిపించే మాట, "సార్, గ్యాస్ బండ పేలింది!" తీరా వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో బండ చెక్కుచెదరకుండా ఉంటుంది. పేలింది గది. రాత్రంతా ట్యూబులోంచి కారిన గ్యాస్ గదిలో పేరుకుని, పొద్దున్నే ఎవరో లైటు వేయగానే అంటుకుంటుంది. బండను చూసి భయపడే మనం ఆ ట్యూబును పట్టించుకోం. ఐదేళ్లకోసారి దాన్ని మార్చాలి. పగుళ్లు కనిపిస్తే ఐదేళ్లదాకా కూడా ఆగకూడదు.

అపోహ: గ్యాస్ వాసన వస్తే కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే చాలు.

వాస్తవం: వంటగ్యాస్ గాలికన్నా బరువు. నీళ్లలా నేలమీద పాకుతుంది. మన వంటిళ్లలో కిటికీ గట్టుకు పైన ఉంటుంది, గ్యాసేమో పాదాల దగ్గర ఉంటుంది. అందుకే కిటికీతోపాటు తలుపులు కూడా బార్లా తెరవాలి. ఫ్యాన్ జోలికి అసలు వెళ్లొద్దు. స్విచ్ వేసినా, ఆపినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. వెలుగుతున్న లైటును వెలగనివ్వండి, ఆరిపోయి ఉన్నదాన్ని అలాగే ఉంచండి. రెగ్యులేటర్ ఆపి, దేవుడి దగ్గర దీపం, అగరబత్తి ఆర్పేసి, అందరినీ బయటికి తీసుకెళ్లండి. గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయాల్సింది కూడా బయటికొచ్చాకే.

అపోహ: ఏ మంటైనా నీళ్లతో ఆరుతుంది.

వాస్తవం: నూనె మంట ఆరదు, ఎగుస్తుంది. ఒక ఇంట్లో గారెలకని నూనె పెట్టి, ఫోన్ మోగితే ఇల్లాలు హాల్లోకి వెళ్లింది. వచ్చేసరికి బాండీ మండుతోంది. కంగారులో చెంబెడు నీళ్లు గుమ్మరించింది. నేను వెళ్లేసరికి శ్లాబు మీద గట్టంత నల్లటి మచ్చ. ఆమె కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. చేతికందే దూరంలోనే బాండీ మూత ఉంది! దాన్ని కప్పి ఉంటే సరిపోయేది. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నీళ్లు నూనె అడుగుకు దిగి, ఒక్క క్షణంలో ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతాయి. ఆ ఊపుకి మండే నూనె పైకి చిమ్ముతుంది. స్టవ్ ఆపి, మూతను పక్కనుంచి జరుపుతూ కప్పండి. పూర్తిగా చల్లారేదాకా తీయొద్దు. మండుతున్న బాండీని ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తొద్దు.

కాలినచోట టూత్‌పేస్టు, ఐసు ఏదీ వద్దు. 20 నిమిషాలు కుళాయి కింద పెట్టండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి.

అపోహ: ఎంసీబీ (తేడా వస్తే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్) ఉంటే కరెంటు మంటలు రావు.

వాస్తవం: లోడు మించినా, షార్టయినా ఎంసీబీ పడిపోతుంది. కానీ వదులైన ప్లగ్గు లోలోపల వేడెక్కి కమిలిపోతుంటే దానికి తెలియకపోవచ్చు. పిన్నులు నల్లబడ్డాయా, సాకెట్ దగ్గర ప్లాస్టిక్ వాసన వస్తోందా చూసుకోండి. గీజరును ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించొద్దు.

అపోహ: మంట మన గదిదాకా రాకపోతే టెన్షన్ లేదు.

వాస్తవం: మంటకన్నా ముందు పొగ వస్తుంది. నిద్రలో ఉన్నవాళ్లు లేవకముందే స్పృహ తప్పుతారు. నేలకు దగ్గరగా వంగి బయటపడండి, వస్తూ వస్తూ తలుపు మూయండి. లిఫ్ట్ ఎక్కొద్దు. 101కు ఫోన్ చేసినప్పుడు దగ్గరలోని గుడో, బడో గుర్తు చెప్పి, ఒకరిని వీధి మొదట్లో నిలబెట్టండి. సందుల్లో ఇల్లు వెతుక్కోవడానికే మాకు చాలా సమయం పోతోంది.